వాపును చూసి క్యాన్సర్ అనుకోవద్దు... వాపే కదా అని వదిలేయొద్దు

రెండు నెలల కిందటి మాట. సోమవారం ఓపీ. బయట వరుస వరండా చివరి వరకూ ఉంది. పదకొండు గంటలప్పుడు ఓ రిటైర్డ్ మాస్టారు లోపలికొచ్చారు. వయసు 61. వెంట భార్య, అల్లుడు. అల్లుడి చేతిలో ఉబ్బిపోయిన స్కానింగ్ కవరు. మాస్టారు కుర్చీలో కూర్చోకుండానే అడిగారు: ‘‘డాక్టర్ గారూ, ఇంకెన్నాళ్లో మీరైనా చెప్పండి. వీళ్లు నాకేం చెప్పడం లేదు.’’

కవరు తెరిస్తే విషయం అర్థమైంది. అంతకు నెల ముందు ఆయనకు నడుము పక్కన నొప్పి వచ్చింది. సీటీ స్కాన్ తీస్తే మూత్రనాళంలో 4 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. నీళ్లు బాగా తాగుతూ మందులు వాడితే నాలుగు రోజుల్లో అదే పడిపోయింది. అక్కడితో అయిపోవాల్సిన కథ. కానీ రిపోర్టు చివర ఇంకో వాక్యం ఉంది. ‘మిసెంటెరిక్ పానిక్యులైటిస్ మార్పులు ఉన్నాయి. లింఫోమా కాదని నిర్ధారించుకోవాలి’ అని. ఆ రాత్రే అల్లుడు ఫోన్లో ఆ మాటలు వెతికాడు. లింఫోమా అంటే క్యాన్సర్ అని వచ్చింది. మర్నాటి నుంచీ ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తిన్నది లేదు, పడుకున్నది లేదు.

తర్వాత రెండు ఆసుపత్రులు తిరిగారు. ఒకచోట స్టెరాయిడ్ మాత్రలు రాశారు. ఇంకోచోట కాంట్రాస్ట్ ఇచ్చి మళ్లీ సీటీ తీసి, పొట్ట తెరిచి ముక్క తీసి చూద్దామన్నారు. ఈలోగా మాస్టారు మూడు కిలోలు తగ్గారు. ‘బరువు తగ్గడం’ కూడా క్యాన్సర్ లక్షణాల్లో ఒకటని అల్లుడు అదీ చదివాడు. తిండి మానేస్తే ఎవరైనా తగ్గుతారన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

వాపును చూసి బలుపు అనుకోవద్దని మన పెద్దలు చెబుతుంటారు. ఈ జబ్బు విషయంలో ఆ సామెతను కొంచెం మార్చుకోవాలి. వాపును చూసి క్యాన్సర్ అనుకోవద్దు. అలాగని, వాపే కదా అని వదిలేయనూ వద్దు. ఈ రెండు తప్పుల మధ్య దారి ఎక్కడుందో చెప్పడానికే ఈ వ్యాసం. ఎందుకంటే ఇలాంటి కవర్లు పట్టుకుని వచ్చే కుటుంబాలు ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువగా కనిపిస్తున్నాయి.

అసలేమిటీ పొర?

మన చిన్నపేగు పొడవు సుమారు ఆరు మీటర్లు. అంత పొడవున్న గొట్టం పొట్టలో చిక్కులు పడకుండా ఎలా ఉంటుంది? దాన్ని వీపు వైపు గోడకు పట్టి ఉంచే ఒక పొర ఉంది. దాని పేరే మిసెంటెరీ. చీర కుచ్చిళ్లు గుర్తు తెచ్చుకోండి. నడుము దగ్గర గుప్పెడంత చోట దోపుకుంటాం. కింద అంచు మాత్రం విచ్చుకుని ఉంటుంది. మిసెంటెరీ కూడా అంతే. వెనక గోడకు అంటుకునే మొదలు 15 సెంటీమీటర్లు. పేగును పట్టుకునే అంచు పేగంత పొడవు. ఇంట్లో బోటీ శుభ్రం చేసినవాళ్లకు పేగుల మధ్య కొవ్వుతో కూడిన ఈ తెల్లని పొర పరిచయమే.

పేగుకు రక్తం తెచ్చే నాళాలు, తీసుకెళ్లే నాళాలు, నరాలు, లింఫు గ్రంథులు అన్నీ ఈ పొరలోంచే వెళ్తాయి. వీటి చుట్టూ మెత్తగా కొవ్వు ఉంటుంది. ఆ కొవ్వులో దీర్ఘకాలం వాపు (ఇన్‌ఫ్లమేషన్) కొనసాగడమే మిసెంటెరిక్ పానిక్యులైటిస్. కొందరిలో వాపు ఎక్కువగా ఉంటుంది. కొందరిలో కొవ్వు కణాలు చనిపోవడం ఎక్కువగా కనిపిస్తుంది. కొద్దిమందిలో మాత్రం వాపు ముదిరి, మచ్చలా గట్టిపడి, ముడుచుకుపోతుంది. దాన్ని స్క్లెరోసింగ్ మిసెంటెరైటిస్ అంటారు. 1924లో ఇటలీకి చెందిన సర్జన్ విట్టోరియో జురా మొదట వర్ణించింది ఈ ముడుచుకుపోయే రకాన్నే. చాలాకాలం ఇవన్నీ వేర్వేరు జబ్బులని అనుకున్నారు. ఒకే జబ్బు వేర్వేరు దశల్లో ఇలా కనిపిస్తుందని 1997లో అమెరికా పాథాలజిస్టులు 84 మంది ముక్క పరీక్షలను పరిశీలించి చెప్పారు.

ఇక్కడే ఓ అపోహ తీర్చాలి. ఇది ‘పొట్ట పెరగడం’ కాదు. నెయ్యి, వేపుళ్లు తిన్నందువల్ల వచ్చే జబ్బూ కాదు. ఫ్యాటీ లివర్‌కూ దీనికీ సంబంధం లేదు. సన్నగా ఉన్నవాళ్లలోనూ వస్తుంది. ‘కొవ్వు కరిగించే’ పొడులు, కషాయాలు, పొట్ట మీద మర్దనలతో ఇది తగ్గదు. అలాగే పిల్లలకు కడుపునొప్పి వచ్చినప్పుడు అల్ట్రాసౌండ్ రిపోర్టులో తరచూ కనిపించే ‘మిసెంటెరిక్ లింఫ్ అడినైటిస్’ కూడా వేరు. అది ఎక్కువగా వైరస్ ఇన్‌ఫెక్షన్ తర్వాత గ్రంథులు ఉబ్బడం. చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని పిల్లల విషయంలో కంగారు పడకండి. పానిక్యులైటిస్ ఎక్కువగా కనిపించేది 50 దాటినవారిలో. మగవారిలో కొంచెం ఎక్కువ.

ఇప్పుడే ఎందుకు ఎక్కువ కనిపిస్తోంది?

జబ్బు పెరగలేదు. స్కానింగులు పెరిగాయి. ఒకప్పుడు పొట్ట కోసి చూస్తే గానీ తెలియని విషయం ఇప్పుడు పది నిమిషాల సీటీలో తెలిసిపోతోంది. గ్రీస్‌లో 7,620 పొట్ట సీటీ స్కాన్లను పరిశీలించి 2000 సంవత్సరంలో ఓ నివేదిక ప్రచురించారు. అందులో 49 మందిలో, అంటే వందకు ఒక్కరికన్నా తక్కువ మందిలో ఈ మార్పులు కనిపించాయి. తర్వాతి అధ్యయనాల్లో ఈ లెక్క కొంచెం అటూ ఇటూ ఉంది. ఇబ్బంది పెట్టే జబ్బుగా ఇది అరుదే. కానీ స్కానింగ్ ఫిల్మ్ మీద కనిపించే మార్పుగా మరీ అంత అరుదు కాదు. ఈ తేడా తెలియకే సగం భయం.

ఆ గ్రీస్ అధ్యయనంలోనే ఇంకో అంకె ఉంది. ఈ 49 మందిలో 34 మందికి ఎక్కడో ఓ చోట క్యాన్సర్ ఉంది. ఇంటర్నెట్‌లో చదివేవాళ్లు ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. అయితే పెద్దాసుపత్రిలో సీటీ తీయించుకునేవాళ్లలో క్యాన్సర్ రోగులు ముందే ఎక్కువగా ఉంటారు. క్యాన్సర్ ఉన్నందువల్ల స్కాన్ తీశారు, స్కాన్ తీసినందువల్ల ఈ వాపు కనిపించింది. అదే వయసు, అదే రకం రోగులను పక్కన పెట్టుకుని పోల్చిన తర్వాతి కొన్ని అధ్యయనాల్లో ఈ సంబంధం అంత బలంగా కనిపించలేదు. కాబట్టి ఈ మాట రిపోర్టులో ఉంటే క్యాన్సర్ ఉన్నట్టు కాదు. క్యాన్సర్ లేదని ఒకసారి పద్ధతిగా చూసుకోవాలని మాత్రమే.

లక్షణాలు ఎలా ఉంటాయి?

చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. వేరే కారణంతో తీసిన స్కాన్‌లో బయటపడుతుంది. లక్షణాలు ఉన్నవాళ్లలో ముఖ్యమైనది బొడ్డు చుట్టూ వచ్చీ పోయే నొప్పి. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2007లో తమ 92 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వాళ్లలో 70 శాతం మందికి కడుపునొప్పి, 25 శాతం మందికి విరేచనాలు, 23 శాతం మందికి బరువు తగ్గడం ఉన్నాయి. ఉబ్బరం, వికారం, జ్వరం, ఆకలి మందగించడం కూడా కొందరిలో ఉంటాయి. పొర ముడుచుకుపోయిన కొద్దిమందిలో పేగు మెలిపడినట్టై ఆహారం ముందుకు కదలదు. రక్తనాళాలు నొక్కుకుపోవచ్చు. పొట్టలో నీరు చేరొచ్చు.

చూశారుగా, ఇందులో ఈ జబ్బుకే ప్రత్యేకమైన లక్షణం ఒక్కటీ లేదు. గ్యాస్ అని ఏళ్ల తరబడి మాత్రలు మింగేవాళ్లలో ఇలాంటివారు ఒకరిద్దరు ఉండొచ్చు. కచ్చితమైన కారణం ఏమిటన్నదీ తేలలేదు. కొందరిలో అంతకుముందు పొట్టకు ఆపరేషనో, దెబ్బ తగలడమో ఉంటుంది. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ మన మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ సమస్యలు ఉంటాయి. ఇంకొందరిలో ఏదీ ఉండదు.

నేను చేసిన పొరపాటు

ఇప్పుడు రెండో తప్పు గురించి. అది నేను చేసిందే.

ఎనిమిదేళ్ల కిందట నా ఓపీకి ఓ టైలరమ్మ వచ్చింది. 54 ఏళ్లు. కడుపులో అసౌకర్యం, ఉబ్బరం. స్కాన్‌లో ఇదే పానిక్యులైటిస్. దానితో పాటు ఒక లింఫు గ్రంథి 12 మిల్లీమీటర్లు ఉందని రేడియాలజిస్టు రాశారు. రక్త పరీక్షలు బాగున్నాయి. నేను ఓపీ చీటీ మీద ‘3 నెలలకు మళ్లీ స్కాన్’ అని రాశాను. నోటితో మాత్రం, ఆమె భయపడకూడదని, ‘‘ఏం లేదమ్మా, పెద్ద జబ్బేం కాదు, వెళ్లిరా’’ అన్నాను. బయట ఇంకా ఎనభై మంది ఉన్నారు.

ఆమె మళ్లీ వచ్చింది పద్నాలుగు నెలల తర్వాత. మెడలో బిళ్లలు. రాత్రిళ్లు ఒళ్లంతా చెమటలు. ముక్క పరీక్ష చేస్తే లింఫోమా. నెమ్మదిగా పెరిగే రకం కావడం ఆమె అదృష్టం, నా అదృష్టం. చికిత్స తీసుకుంది. ఇప్పటికీ చెకప్‌కి వస్తుంటుంది. ‘‘మూడు నెలలకు రమ్మని రాశాను కదమ్మా, ఎందుకు రాలేదు?’’ అని అప్పుడు అడిగితే ఆమె అన్న మాట నాకింకా గుర్తుంది. ‘‘ఏం లేదన్నారు కద సార్.’’

నేను రాసింది ఇంగ్లిష్‌లో, చీటీ మీద. ఆమె నమ్మింది నా నోటి మాటను. తప్పు ఆమెది కాదు. ధైర్యం చెప్పడం వేరు, ‘ఏం లేదు’ అనడం వేరు. అప్పటి నుంచి ఇలాంటి రిపోర్టు ఉన్నవాళ్లెవరికీ ఆ మాట అనడం మానేశాను. ‘‘ప్రస్తుతానికి ప్రమాదం కనిపించడం లేదు. కానీ ఫలానా నెలలో మళ్లీ చూడాలి’’ అని తెలుగులో చెప్పి, తెలుగులోనే రాసి, తోడొచ్చినవాళ్లతో ఒకసారి తిరిగి చెప్పిస్తాను. దానికి పట్టేది రెండు నిమిషాలు.

నిర్ధారణ ఎలా?

స్కాన్‌లో కొన్ని గుర్తులు ఈ జబ్బు వైపు చూపిస్తాయి. మామూలుగా నల్లగా కనిపించే పొరలోని కొవ్వు మంచు పట్టినట్టు మసకబారుతుంది. రక్తనాళాల చుట్టూ మాత్రం పలచటి నల్లని వలయంలా కొవ్వు మిగిలి ఉంటుంది. వాచిన భాగం చుట్టూ సన్నని గీతలాంటి అంచు ఉంటుంది. పేగులను పక్కకు నెడుతుంది తప్ప వాటిలోకి చొచ్చుకుపోదు. లోపలి గ్రంథులు చిన్నగా, సాధారణంగా 5 మిల్లీమీటర్లలోపు ఉంటాయి.

అనుమానం కలిగించే గుర్తులు వేరు. సెంటీమీటరు దాటిన గ్రంథులు, పొట్టలో వేరే చోట్ల కూడా గ్రంథులు, పేగు గోడ మందంగా ఉండటం, సున్నం పట్టిన గట్టి గడ్డ, పొట్టలో నీరు. ఇవి ఉంటే లింఫోమా, పేగులో పుట్టే న్యూరో ఎండోక్రైన్ కణుతులు, ఇతర అవయవాల నుంచి పాకిన క్యాన్సర్, కొవ్వులోనే పుట్టే కణుతులు... వీటిని వెతకాలి.

ఇంకో సంగతి. మసకబారిన కొవ్వంతా పానిక్యులైటిస్ కాదు. క్లోమగ్రంథి వాచినా, లివర్ గట్టిపడినా, గుండె బలహీనపడినా, రక్తంలో అల్బుమిన్ తగ్గినా ఆ కొవ్వులో నీరు చేరి అలాగే కనిపిస్తుంది. అప్పుడు చికిత్స ఆ మూల కారణానికి చేయాలి.

అన్నిటికన్నా మన దగ్గర మరిచిపోకూడనిది క్షయ. ఊపిరితిత్తులకే కాదు, పేగులకు, పొట్టలోని పొరలకు, గ్రంథులకు కూడా టీబీ వస్తుంది. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పొట్టలో నీరు, ఇంట్లో ఎవరికైనా గతంలో టీబీ ఉండటం... ఇవి ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోవాలి. కారణం సులువు. పానిక్యులైటిస్‌కు ఇచ్చే ప్రధానమైన మందు స్టెరాయిడ్. టీబీ ఉన్న మనిషికి తెలియక ఒక్క స్టెరాయిడే ఇస్తే నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. లోపల జబ్బు మాత్రం ఒళ్లంతా పాకుతుంది. విదేశాల పుస్తకాల్లో టీబీ ప్రస్తావన ఒక వాక్యంలో ముగుస్తుంది. మన ఓపీలో అది మొదటి ప్రశ్న కావాలి. టీబీ పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. అలాగని రుజువు లేకుండా ‘ఏదైనా మంచిదే’ అని ఆర్నెల్ల టీబీ మందులు మొదలుపెట్టడమూ సరికాదు. లివర్ మీద వాటి ప్రభావం తక్కువేమీ కాదు.

కాబట్టి మొదటి అడుగు ఖరీదైనది కాదు. వివరంగా అడగడం, మెడ, చంకలు, గజ్జల్లో బిళ్లలున్నాయేమో చేత్తో తడిమి చూడటం, బరువు చూసి రాయడం. తర్వాత రక్త పరీక్ష, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, అల్బుమిన్, ఎల్‌డీహెచ్, లివర్, కిడ్నీ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే. పాత స్కాన్ ఏదైనా ఉంటే పక్కన పెట్టుకుని పోల్చడం చాలా విలువైన పరీక్ష. మూడేళ్ల కిందటి ఫిల్మ్‌లోనూ ఇదే మార్పు ఇంతే ఉంటే సగం భయం అక్కడే పోతుంది. పాత సీడీలు పారేయొద్దని నేను పదేపదే చెప్పేది అందుకే.

ముక్క పరీక్ష అందరికీ అవసరం లేదు. స్కాన్ గుర్తులు స్పష్టంగా ఉండి, మనిషి బాగుండి, అనుమానించే గ్రంథులు లేకపోతే చాలావరకు ఆగొచ్చు. అనుమానం ఉన్నప్పుడు మాత్రం ఆలస్యం చేయకూడదు. స్కాన్ చూస్తూ సూదితోనో, లాపరోస్కోపీతోనో ముక్క తీస్తారు. సన్నసూదితో తీసే నాలుగు కణాలు లింఫోమాను తేల్చడానికి సాధారణంగా సరిపోవు. తగినంత ముక్క కావాలి. ఇంకో ముఖ్య విషయం, ముక్క తీయకముందే స్టెరాయిడ్ మొదలుపెడితే లింఫోమా కణాలు తాత్కాలికంగా కరిగిపోయి ఫలితం తప్పుదారి పట్టొచ్చు. ముందు రుజువు, తర్వాత మందు.

చికిత్స ఎవరికి?

లక్షణాలు లేనివాళ్లకు చికిత్స అవసరం లేదు. ఈ మాట చెబితే చాలామందికి తృప్తి ఉండదు. ‘‘జబ్బుంది అంటున్నారు, మందు లేదంటారేంటి?’’ అంటారు. మందు రాయకపోవడం కూడా వైద్యమే. చాలామందిలో ఇది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, కొందరిలో దానంతటదే తగ్గుతుంది.

నొప్పి, బరువు తగ్గడం వంటివి నిజంగా ఈ వాపు వల్లే అని తేలినవాళ్లకు ఎక్కువగా వాడేది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, దాంతో పాటు టామాక్సిఫెన్. మేయో క్లినిక్ అనుభవంలో ఈ రెండూ కలిపి వాడిన ప్రతి పది మందిలో ఆరుగురికి గుణం కనిపించింది. స్టెరాయిడ్‌ను కొన్ని నెలల్లో మెల్లగా తగ్గించి ఆపేస్తారు. టామాక్సిఫెన్‌ను ఎక్కువకాలం కొనసాగిస్తారు. ఇవి పనిచేయనప్పుడు కాల్చిసిన్, అజథయోప్రిన్ వంటివి ప్రయత్నిస్తారు. అరుదైన జబ్బు కాబట్టి వేల మంది మీద చేసిన పెద్ద పరీక్షలు లేవు. అందుకే మందు మొదలుపెట్టేటప్పుడే, ఎన్నాళ్లకు గుణం చూడాలి, లేకపోతే ఎప్పుడు ఆపాలి అన్నది డాక్టరూ మీరూ కలిసి అనుకోవాలి.

టామాక్సిఫెన్ తెచ్చుకోవడానికి వెళ్లిన ఓ పెద్దాయన మందుల షాపు నుంచే నాకు ఫోన్ చేశారు. ‘‘ఇది ఆడవాళ్ల రొమ్ము క్యాన్సర్‌కి వాడేదట కదండీ! నాకెందుకు రాశారు?’’ అని. ఆ మందుకు మచ్చ కట్టడాన్ని తగ్గించే గుణం కూడా ఉంది. ఇక్కడ వాడేది అందుకే. అయితే అది మామూలు మందు కాదు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. ఒక కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే రావాలి. ముట్లుడిగిన స్త్రీలకు మళ్లీ రక్తం కనిపిస్తే చెప్పాలి.

స్టెరాయిడ్‌కు ముందు షుగర్, బీపీ, టీబీ, హెపటైటిస్-బి పరీక్షలు తప్పనిసరి. హెపటైటిస్-బి వైరస్ లోపల నిద్రపోతుంటే స్టెరాయిడ్ దాన్ని లేపగలదు. ‘బాగుంది కదా’ అని పాత చీటీ చూపించి షాపులో కొనుక్కుంటూ పోవద్దు. వారాల తరబడి వాడాక ‘చాల్లే’ అని ఒక్కసారిగా ఆపేయనూ వద్దు. రెండూ ప్రమాదమే.

ఆపరేషన్ ఈ జబ్బును నయం చేయదు. పేగుకు రక్తం వెళ్లేదే ఆ పొరలోంచి కాబట్టి దాన్ని కోసి తీసేయడం కుదరదు. పేగు మూసుకుపోయినప్పుడు దారి మళ్లించడానికి మాత్రమే సర్జన్ అవసరం. ఇక పథ్యం విషయం. ఈ వాపును తగ్గిస్తుందని రుజువైన ఆహారమేదీ లేదు. ఉబ్బరం ఉంటే కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినండి, సిగరెట్ మానేయండి. పెరుగన్నం, పప్పన్నం మానాల్సిన పనిలేదు.

మళ్లీ స్కాన్ ఎప్పుడు?

ఒక పొట్ట సీటీతో శరీరానికి తగిలే రేడియేషన్, ప్రకృతి నుంచి మనకు సుమారు మూడేళ్లలో సహజంగా అందేదానికి సమానం. అవసరమైనప్పుడు అది చాలా చిన్న ధర. కేవలం భయం తీర్చుకోవడానికి నెలనెలా తీయించుకుంటే అనవసరమైన ధర. పెద్ద గ్రంథుల వంటి అనుమానాలుంటే మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ చూడటం, లేదా పెట్ సీటీ, ముక్క పరీక్ష. ఏ అనుమానమూ లేనివాళ్లకు చాలావరకు లక్షణాలు, బరువు, రక్త పరీక్షలు చూసుకుంటే చాలు. ఏ ఇబ్బందీ లేని మనిషికి పుట్టినరోజు కానుకగా ‘ఫుల్ బాడీ స్కాన్’ ప్యాకేజీ కొనివ్వడం మాత్రం నేను సమర్థించలేను. ఆ కానుకతో పాటు ఇలాంటి ఒకటి రెండు అర్థం కాని వాక్యాలు కూడా ఇంటికొస్తాయి. వాటిని తేల్చుకోవడానికి ఇంకో నాలుగు పరీక్షలు.

ఈ లక్షణాలుంటే ఆగొద్దు

● ప్రయత్నించకుండానే బరువు తగ్గుతుంటే
● రెండు వారాలు దాటిన జ్వరం, రాత్రి చెమటలు
● మెడ, చంక, గజ్జల్లో బిళ్లలు
● మలంలో రక్తం, కొత్తగా రక్తహీనత
● పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, విరేచనం, గాలి రెండూ ఆగిపోతే ఆ రోజే ఆసుపత్రికి

డాక్టరును అడగాల్సినవి

● ఈ మార్పు నా బాధకు కారణమా, లేక వేరేదానికోసం చూస్తే కనిపించిందా?
● గ్రంథులు ఎంత సైజున్నాయి? అనుమానించే గుర్తులేమైనా ఉన్నాయా?
● టీబీ, లింఫోమా లేవని ఎలా నిర్ధారించుకున్నారు?
● మందు దేనికోసం? ఎన్నాళ్లు? ఎప్పుడు ఆపుతాం?
● మళ్లీ ఏ నెలలో రావాలి?

ఈ చివరి ప్రశ్న అడగకుండా లేవకండి. డాక్టరు తొందరలో ఉన్నా సరే అడగండి. ఆ మాట తెలుగులో రాయించుకోండి. మా వృత్తిలో ఉన్నవారికీ నా మనవి ఒకటే. ‘లింఫోమా కాదని నిర్ధారించుకోవాలి’ అని రాయడం రేడియాలజిస్టు బాధ్యత, అది తప్పు కాదు. కానీ ఆ వాక్యాన్ని విడమరిచి చెప్పడం రిపోర్టు చేతిలో పట్టుకుని మన ముందు కూర్చున్న మనిషికి మనం బాకీ. ఆ బాకీ తీర్చకపోతే రాత్రి పదకొండింటికి ఫోన్ తీరుస్తుంది, దాని పద్ధతిలో.

మాస్టారి సంగతి చెప్పలేదు కదూ. ఆయన రెండు స్కాన్లూ తీసుకుని మా రేడియాలజిస్టు గది దాకా వెళ్లాను. గ్రంథులు నాలుగు మిల్లీమీటర్లు. పేగులు బాగున్నాయి. పద్నాలుగేళ్ల కిందట ఆయనకు పిత్తాశయం ఆపరేషన్ అయింది. బిళ్లలు లేవు, జ్వరం లేదు. రక్త పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉన్నాయి. స్టెరాయిడ్ అదృష్టవశాత్తూ ఇంకా మొదలుపెట్టలేదు. మూడో సీటీ వద్దన్నాను. చీటీ మీద ఇలా రాశాను: ‘ఇది క్యాన్సర్ అనడానికి ఇప్పుడు ఆధారం లేదు. మందులు వద్దు. మామూలుగా తినండి. ఆరు వారాలకు బరువు చూడాలి. తగ్గుతూ ఉంటే అంతకుముందే రండి.’ అల్లుడితో గట్టిగా చదివించాను.

పోయిన వారం ఆయన వచ్చారు. పోయిన మూడు కిలోల్లో రెండున్నర తిరిగొచ్చాయి. భయం వల్ల తగ్గిన బరువే అది, జబ్బు వల్ల కాదు. కానీ ఆ మాట ఆ రోజే నాకు తెలుసని చెప్పలేను. బరువు తిరిగొచ్చాకే తెలిసింది. అందుకే ఈసారీ ‘ఏం లేదు, వెళ్లిరండి’ అనలేదు. ‘‘ఆరు నెలలకు ఓసారి కనబడండి మాస్టారూ’’ అన్నాను. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి నెల పేరు రాసుకున్నారు.